బెంగళూరు తెలుగువారికి స్నోడ్రాప్ తక్షణావసరం

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారికి ఇంకా సమకూరనిది ఏదైనా ఉందా అని చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. ఫ్లాటు ఉంది. సొంత జిల్లాలో స్థలం ఉంది. రాబోయే రహదారికి అది ఎంత దగ్గరో చూపించడానికి ఫోనులో మ్యాపు ఉంది. అమెరికాలో అబ్బాయో, వెళ్లబోతున్న అమ్మాయో ఉన్నారు. లేనిదల్లా ఒక్కటే: ఎదుటివారు ఎంతసేపు చూసినా పోల్చుకోలేని అభిరుచి. కాఫీ గింజలతో కొందరు ప్రయత్నించారు గానీ, చిక్కమగళూరు ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో ఆ విద్య ఎంతోకాలం గుట్టుగా ఉండదు. ఖరీదైన చేతి గడియారాలు కొన్నవారు వాటి ధర తామే చెప్పుకోవలసి వచ్చింది. అది మర్యాద కాదు. ఈ సామాజిక సంక్షోభానికి పరిష్కారంగా స్నోడ్రాప్ అనే పువ్వును సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

జానెడు ఎత్తుండే మొక్క. నేలలోని గడ్డ నుంచి సన్నని ఆకులు రెండు, ఒక కాడ, కాడ చివర తల వేలాడేసిన తెల్లపువ్వు. బయట మూడు రేకులు, లోపల మూడు పొట్టి రేకులు, లోపలి వాటి మీద ఆకుపచ్చని మచ్చ. ఇంతకు మించి చూడవలసినది అందులో ఏమీ లేదు. దాని గొప్పతనమంతా అక్కడే ఉంది. శాస్త్రవేత్తలు గెలాంథస్ అని పిలిచే ఈ ప్రజాతిలో సహజ జాతులు ఇరవై పైచిలుకే. యూరపు నుంచి టర్కీ, కాకసస్ దాకా అడవుల్లో, కొండవాలుల్లో తమ మానాన తాము పూస్తుంటాయి. వాటిలోంచి తోటల యజమానులు వేరుచేసి పేర్లు పెట్టిన రకాలు మాత్రం వెయ్యి దాటి చాలాకాలమైంది. ఒకదానిలో మచ్చ కాస్త వెడల్పు. ఇంకొకదానిలో మచ్చ బయటి రేకుల కొనలకూ పాకింది. మరొకదానిలో అసలు మచ్చే లేదు, అందువల్ల దానికి మరింత గౌరవం. 'గ్రంపీ' అనే రకంలో రెండు చుక్కలు, వాటి కింద వంకర గీత కలిసి చిరాకుపడుతున్న ముఖంలా కనిపిస్తాయి. సోమవారం ఉదయం సిల్క్ బోర్డు కూడలిలో ఉచితంగా వేల సంఖ్యలో దొరికే ముఖం కోసం ఇంగ్లండులో జనం డబ్బు పోస్తున్నారంటే, ఎగుమతి అవకాశాలను మనం ఎంత నిర్లక్ష్యం చేశామో గ్రహించాలి.

డబ్బు అన్నాను కనుక ఆ సంగతీ చెప్పాలి. తెల్లపువ్వులో పచ్చ బదులు పసుపు కనిపిస్తే సేకర్తలకు మతి పోతుంది. 2012లో 'ఎలిజబెత్ హారిసన్' అనే పసుపు రకం గడ్డ ఒక్కటి ఈబేలో 725 పౌండ్లు పలికింది. 2015లో 'గోల్డెన్ ఫ్లీస్' 1,390 పౌండ్లు. 2022లో 'గోల్డెన్ టియర్స్' 1,850 పౌండ్లు, అంటే అప్పటి లెక్కన మన డబ్బులో లక్షా ఎనభై వేల పైచిలుకు. ఈ మూడు అంకెలూ చదివి వినిపించగానే మా బావగారు కుర్చీలో ముందుకు జరిగారు. "గజం ఎంత పడుతుందయ్యా?" అన్నారు. గజం కాదు బావగారూ, ఒక్క గడ్డ, బొటనవేలంత ఉంటుందన్నాను. "అయితే ప్రహరీగోడ ఖర్చు కూడా ఉండదన్నమాట" అని తృప్తిగా వెనక్కి వాలారు. పదేళ్లలో రెట్టింపును మించిన వస్తువు అందంగా ఉండవలసిన అవసరం ఏముందన్నది ఆయన వాదం. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఈ పువ్వుకు ఇంకొక సుగుణం ఉంది. అది తల ఎత్తదు. లోపలి మచ్చ చూడాలంటే జనవరి, ఫిబ్రవరి బురదలో మోకాళ్ల మీద కూర్చుని, చూపుడువేలితో దాని గడ్డం పట్టుకుని పైకెత్తాలి. రెండు శతాబ్దాల పాటు మన చేత వంగి వంగి దండాలు పెట్టించుకున్న దేశం ఒక పువ్వు ముందు ఇలా సాగిలపడటం చూస్తే చరిత్ర మీద నమ్మకం కలుగుతుంది. గ్లోస్టర్‌షైర్‌లోని కోల్స్‌బోర్న్ పార్కుకు ఫిబ్రవరిలో జనం టికెట్టు కొని వెళ్లేది ఇందుకే. ఆ ఎస్టేటు పాత యజమాని హెన్రీ జాన్ ఎల్వెస్ 1874లో టర్కీలో ఒక పెద్ద స్నోడ్రాప్‌ను చూశారు. ఇప్పుడు ఆ జాతికి ఆయన పేరే. ఆ చుట్టుపక్కల గొర్రెలు కాసేవాళ్లు అంతకుముందు నుంచీ దాన్ని చూస్తూనే ఉండి ఉంటారు. టికెట్టు పెట్టాలన్న ఆలోచన రాకపోవడం వారి లోపం.

ఇదంతా మనకు పరాయి విద్య అనేవారికి పురాణజ్ఞానం తక్కువ. ఒక్క పారిజాతం చెట్టు కోసం మొగుడి చేత దేవేంద్రుడితో యుద్ధం చేయించిన సత్యభామ మన ఇంటి ఆడపడుచు కాదా? అదీ తెల్లపువ్వే, అదీ విదేశీ సరుకే, అనుమతి పత్రాలూ లేవు. ఇక తెలుపులో తేడాలు పట్టే కన్ను మనకు పుట్టుకతో వచ్చింది. కృష్ణరాజ మార్కెట్టు నుంచి బొండుమల్లె బదులు కాగడామల్లె తెస్తే మా అక్కయ్య బుట్టను తాకకుండానే వెనక్కి పంపుతుంది. సన్నజాజినీ విరజాజినీ చీకట్లో వాసన పట్టి చెబుతుంది. ఇంత నైపుణ్యం ఉండీ ఆవిడను ఎవరూ నిపుణురాలు అనకపోవడానికి కారణం ఒక్కటే: మూర పూలు ఇంకా ఎవరైనా కొనుక్కోగలరు.

ఈ అనర్థానికి మూలం నగర చరిత్రలోనే ఉంది. 1865లో ఇద్దరు తోటమాలులు పుట్టారు. ఒకరు ఇంగ్లండుకు చెందిన ఇ. ఎ. బౌల్స్, లండను శివారు ఎన్‌ఫీల్డ్‌లోని మిడెల్టన్ హౌస్ తోటలో స్నోడ్రాప్ రకాలు పోగుచేసి, ఈ పిచ్చికి పెద్దమనిషి తరహా తెచ్చినవారు. రెండోవారు జర్మనీకి చెందిన గుస్తావ్ క్రుంబిగెల్. లండనులోని క్యూ వృక్షశాస్త్ర తోటల్లో పనిచేసి, బరోడా మీదుగా 1908లో మన లాల్‌బాగ్‌కు వచ్చారు. ఇంత అనుభవం ఉన్న మనిషి చేసిందేమిటి? ఒక చెట్టు పూత రాలేసరికి ఇంకొకటి పూసేలా వీధుల వెంట చెట్లు నాటించారు. ఆయన వేసిన ఆ ఒరవడి పుణ్యమా అని ఇప్పటికీ ఏడాది మొదట్లో గులాబీరంగు టబెబూయా విరగబూస్తే ఆటో డ్రైవరు కూడా తలెత్తి చూస్తాడు. టికెట్టు లేదు, అర్హత లేదు, మోకాలి నొప్పి లేదు. చూసినవాడికి చూడనివాడి మీద ఆధిక్యం అసలే లేదు. ఈ నగర ప్రజల అభిరుచికి క్రుంబిగెల్ చేసిన నష్టం అంతా ఇంతా కాదు. ఆయన పేర ఇక్కడ ఒక రోడ్డు కూడా ఉంది. మన క్షమాగుణం అలాంటిది.

పేర్ల విషయంలో కూడా నేర్చుకోవలసింది ఉంది. నార్ఫోక్‌లో హేరిక్ గ్రేటరెక్స్ అనే ఆయన తాను సృష్టించిన ముద్దపూల రకాలకు షేక్స్‌పియర్ నాయికల పేర్లు పెట్టారు: డెస్డిమోనా, ఒఫీలియా, టిటానియా, కార్డీలియా. వీటిలో ఎవరు ఎవరో తేల్చలేక నిపుణులే తలలు పట్టుకుంటారు. 'లేడీ ఎల్ఫిన్‌స్టన్' అనే పసుపు మచ్చల ముద్దపువ్వు ఇంకా పెద్దింటి బిడ్డ. చోటు మార్చి నాటితే అలిగి, ఒకటి రెండేళ్లు పసుపు మానేసి మామూలు పచ్చమచ్చతో పూస్తుంది. బదిలీ మీద బెంగళూరు వచ్చిన కొత్తలో మన ఉద్యోగులు ఎలా ఉంటారో తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

ఇక ఆటంకాలు. ఈ గడ్డ మేలుకుని పూయాలంటే వారాల తరబడి గట్టి చలి ఉండాలి, వేసవి వేడెక్కకూడదు. బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది 1884 జనవరిలో, లాల్‌బాగ్ గాజుమందిరం కట్టడానికి అయిదేళ్ల ముందు. అప్పుడు నాటి ఉండవలసింది. ఇప్పుడు మిగిలిన శీతల ప్రాంతం అక్కయ్య ఫ్రిజ్ కింది అర ఒక్కటే. అక్కడ సాంబారు ఉల్లిపాయలు ఉంటాయి. స్నోడ్రాప్ గడ్డ చూడటానికి అచ్చం సాంబారు ఉల్లిపాయే, పైగా విషం; తింటే వాంతులు. ఆదివారం భోజనంలో లక్షా ఎనభై వేల రూపాయల ముక్క ఎవరి గిన్నెలోకి వచ్చిందో తెలియడానికి సాయంత్రం దాకా ఆగాలి. అసలు గడ్డ ఇక్కడికి చేరడమే కష్టం. అడవుల్లో విచ్చలవిడిగా తవ్వి అమ్మడం వల్ల గెలాంథస్‌ను అడవి మొక్కల, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటెస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. సరిహద్దు దాటాలంటే పత్రాలు కావాలి. ఆవకాయ జాడీని మూడు విమానాలు మార్చి టెక్సాస్ చేర్చగలిగిన జాతి కూడా ఇక్కడ చట్టానికి తలవంచక తప్పదు.

విషం అన్నాను గానీ, అదే మొక్కలో గెలాంటమైన్ అనే పదార్థం ఉంది. 1950లలో తూర్పు యూరపు శాస్త్రవేత్తలు వెలికితీసిన ఆ మందును ఇప్పుడు అల్జీమర్స్ రోగులకు ఇస్తున్నారు. రకాల పేర్లు మరిచిపోయే సేకర్తలకు ప్రకృతి ముందుచూపుతో చేసిన ఏర్పాటు ఇది.

చివరకు దారి చూపించింది ఆ మొక్క జీవనక్రమమే. పూత అయిపోయాక వేసవి మొదలయ్యే నాటికి ఆకులు కూడా ఎండిపోయి గడ్డ నేలలో నిద్రపోతుంది. మళ్లీ చలికాలం దాకా పైన ఏమీ కనిపించదు. అంటే ఇంగ్లండులోని మహా సేకర్త సైతం ఏడాదిలో సగానికి పైగా చూసుకునేది మట్టినీ, మట్టిలో గుచ్చిన పేరు చీటీనే. మిగిలిన కొద్ది నెలల అదృశ్యాన్ని కూడా కలుపుకుంటే బెంగళూరు వాతావరణం ఇందుకు సర్వవిధాలా అనుకూలం. మట్టి నింపిన కుండీలు, వాటిలో చీటీలు చాలు. ఇంగ్లండులో ఖరీదైన గడ్డలు దొంగలపాలవుతాయని భయపడి కొందరు చీటీలు కూడా తీసేస్తుంటారట; మన దగ్గర దొంగ వచ్చినా చీటీ తప్ప ఏమీ దొరకదు. అక్కయ్యకు ఫ్రిజ్ దక్కుతుంది. సైటెస్‌కు పని తప్పుతుంది. అపార్ట్‌మెంటు సంఘం టెర్రస్ మీద నలభై కుండీలకు సూత్రప్రాయంగా అంగీకరించింది. 'గోల్డెన్ టియర్స్' కుండీ లిఫ్టు పక్కన, నలుగురూ చూసేచోట ఉండాలని బావగారు పట్టుబట్టారు. చీటీలు ఎండకు వెలిసిపోకుండా స్టీలు రేకు మీద చెక్కించాలని కూడా ఆయనే అన్నారు. రెండు దుకాణాల నుంచి కొటేషన్లు వచ్చాయి, మూడోది రావాలి.