పిలుపు ఒకటి, పనులు పది

దైవసేవకుడు తప్పుడు పనుల వల్ల పడిపోతే సంఘం వెంటనే గుర్తిస్తుంది, పెద్దలు కూర్చుని విచారిస్తారు, సేవ ఆపిస్తారు. అదే సేవకుడు తనది కాని మంచి పనుల్లో మునిగి తనకు అప్పగించిన పనిని పోగొట్టుకుంటే మాత్రం ఆ నష్టాన్ని లెక్కకట్టేవారు ఉండరు. తెలుగు సంఘాల్లో కాపరులు రాజకీయ వేదికలెక్కడం గురించి, ప్రభుత్వ గౌరవ వేతనం గురించి, యూట్యూబ్ పరిచర్యల గురించి కొన్నేళ్లుగా సాగుతున్న వాదోపవాదాలు పాఠకులకు తెలిసినవే. వాటన్నిటి అడుగున ఉన్న అసలు ప్రశ్న ఒక్కటే: నన్ను దేవుడు ఏ పనికి పిలిచాడు, ఇప్పుడు నేను ఏ పనిలో ఉన్నాను?

ఒక పట్టణ సంఘ కాపరి శనివారం ఎలా గడుస్తుందో దగ్గరగా చూసినవారికి ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. పొద్దున్నే సమాధుల తోట స్థలం కోసం తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లాలి. మధ్యాహ్నం ఒక విశ్వాసి ఇంట్లో అన్నదమ్ముల వాటాల తగాదా తీర్చాలి. సాయంత్రం గృహ ప్రతిష్ఠ ఉంటుంది, అది ముగియకముందే ఓట్ల కోసం వచ్చిన అభ్యర్థి ప్రార్థన చేయించుకోవడానికి ఎదురుచూస్తుంటాడు. రాత్రి పదకొండు గంటలకు బైబిలు తెరిచేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి. మరునాడు ఆరాధనలో సంఘం వినేది ఆరు నెలల కిందట విన్న ప్రసంగమే. ఆ మనిషి సోమరి కాడు, దురాశాపరుడూ కాడు. వారమంతా కష్టపడ్డాడు, కానీ తనను పిలిచిన పనికి మాత్రం ఆ కష్టంలో చోటు దొరకలేదు.

అన్నదమ్ముల ఆస్తి పంచిపెట్టమని ఒకడు జనసమూహంలో నుంచి అడిగినప్పుడు, నన్ను మీకు తీర్పరిగా ఎవరు నియమించారని యేసు ప్రభువే తిరిగి ప్రశ్నించాడు. యెరూషలేములో విధవరాండ్రకు రోజువారీ భోజనం అందడం లేదన్న సణుగుడు పుట్టినప్పుడు అపొస్తలులు ఆ పనిని చులకన చేయలేదు, తామే మీద వేసుకోనూ లేదు. ఏడుగురు మంచి పేరున్నవారిని శిష్యుల సమూహం చేత ఏర్పరిపించి, వారి మీద చేతులుంచి ప్రార్థించి, ఆ బాధ్యత వారికి అప్పగించారు. మన సంఘాలు అపొస్తలుల కార్యముల ఆరో అధ్యాయాన్ని ఎన్నిసార్లు చదివినా ఆ ఏడుగురి ఏర్పాటును మాత్రం ఆచరణలోకి తీసుకురాలేదు.

ఈ విషయంలో మన గడ్డ మీదే గొప్ప సాక్ష్యం ఉంది. డాక్టర్ అన్నా కుగ్లర్ 1879లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో పట్టా పొంది, 1883 చివర్లో గుంటూరు చేరారు. ఆమెను పంపిన లూథరన్ మిషను అప్పటికి వైద్య సేవ ప్రారంభించడానికి సిద్ధంగా లేదు. జెనానాల్లో, అంటే పరదా చాటున బతికే స్త్రీల మధ్య, బోధించే పని మాత్రమే ఆమెకు ఇచ్చింది. ఆమె ఆ పనిని కాదనలేదు. అయితే ఆ ఇళ్లలో ఆమెకు ఎదురైనవారు మగ వైద్యుడు నాడి పట్టడానికి వీల్లేక జబ్బుతో మగ్గిపోతున్న ఆడవాళ్లు. తనను దేవుడు ఎందుకు పిలిచాడన్న విషయంలో ఆమెకు సందేహం లేదు గనుక బోధిస్తూనే మందులిచ్చారు, మిషనుతో తగవు పెట్టుకోకుండానే తన పిలుపు సంగతి గుర్తుచేస్తూ వచ్చారు. 1885 చివరికి మిషను ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. 1898లో గుంటూరు ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. 1930లో గుంటూరులోనే కన్నుమూసేవరకు, దాదాపు నలభై ఏడేళ్లు, ఆమె ఆ ఊరిని గానీ ఆ పనిని గానీ విడువలేదు. ఆ రెండేళ్ల నిరీక్షణే ఆమె జీవితంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇచ్చిన పనిని నమ్మకంగా చేయడం, ఇవ్వని పిలుపును చల్లారనివ్వకపోవడం అన్న రెండూ ఒకే మనిషిలో కుదరడం అరుదు.

పల్లెల్లో చదువుకున్నవాడు, ఆఫీసుల్లో నోరు విప్పగలవాడు పాస్టరుగారు ఒక్కరే అయినప్పుడు ఆయన తప్పుకుంటే పేదలకు దిక్కెవరని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ 1876-78 నాటి కరవులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. కానీ ఆయన ఆ పనిని ఎలా చేశారో కూడా గమనించాలి. కూలి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. కరవు తగ్గి కాలువ పని ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు, నీళ్లలో నిలబడి ఆ సంస్కారం జరిపినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఆపద వేళ చేపట్టిన పని ఆపదతోనే ముగిసింది, ఎవరి పని వారి చేతికి వెళ్లింది. మనం చేస్తున్నది ఇందుకు పూర్తిగా భిన్నం. ఒకసారి కాపరి నెత్తికెత్తిన పని అతడు రిటైరయ్యేదాకా దిగదు.

దీని మూలం ఇంకా లోతుగా ఉంది. సేవ అంటే ప్రసంగ వేదికే అన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. ఉజ్జీవ సభల ఆఖరి రాత్రి ఉద్యోగం మానేసి సేవకు సమర్పించుకునేవారు లేచి నిలబడండి అని పిలుస్తారు. అప్పుడు కన్నీళ్లతో లేచేవారిలో ప్రభుత్వాసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు ఉంటుంది, జిల్లా పరిషత్ బడిలో లెక్కలు చెప్పే కుర్రవాడు ఉంటాడు. ఆ నర్సు వార్డులో, ఎవరూ రాని రోగి పక్కన, తన పిలుపులోనే ఉందని ఆ రాత్రి ఆమెకు ఎవరూ చెప్పరు. ఇంటి పనీ చేతి పనీ సన్యాసి ప్రార్థనకు తీసిపోవని పదహారో శతాబ్దంలోనే ప్రకటించిన లూథరన్ సంప్రదాయం నుంచే కుగ్లర్ వచ్చారు. ఇలాంటివారందరినీ వేదిక మీదికి లాగి, వాక్య పరిచర్యకు నిజంగా పిలవబడినవాడిని తహసీల్దార్ ఆఫీసు వరండాలో నిలబెట్టడం సంఘానికి రెండు వైపులా నష్టమే.

అందుచేత ఈ ఏడు వార్షిక సమావేశంలో లెక్కలు చదవడానికి ముందు సంఘ పెద్దలు ఒక తీర్మానం చేయాలి. కాపరి ఇకమీదట చేయనక్కర్లేని పనులను రాతపూర్వకంగా పేర్కొని, ఒక్కో పనికి ఒక్కో విశ్వాసి పేరు రాసి, ఆరాధనలో అందరి ముందు వారి మీద చేతులుంచి ప్రార్థించాలి. రిటైరైన రెవెన్యూ గుమాస్తా సమాధుల తోట వ్యవహారం చూడగలడు, వకీలు చదివిన విశ్వాసి ఆస్తి తగాదాలు వినగలడు. ఆ పేర్లు రాసేటప్పుడు స్త్రీల సమాజంలో ఏళ్ల తరబడి చందాలూ ఖర్చులూ పైసాతో సహా చూసుకుంటున్న అక్కల పేర్లను పక్కన పెట్టకూడదు.