సవరణ: 'టైగర్‌మిల్క్' 1999 ఆల్బమ్ కాదు

గ్లాస్గో బ్యాండ్ బెల్ అండ్ సెబాస్టియన్ గురించి ఇంతకుముందు రాసినదాంట్లో, 'టైగర్‌మిల్క్' 1999లో జీప్‌స్టర్ లేబుల్ (రికార్డు కంపెనీ) విడుదల చేసిన నాలుగో ఆల్బమ్ అని ఉంది. అది రీఇష్యూ, అంటే మళ్లీ విడుదలైన తేదీ. వరుసలో ఇదే మొదటి ఆల్బమ్, 1996 జూన్‌లో వచ్చింది.

దాన్ని వేసింది స్టో కాలేజీ మ్యూజిక్ బిజినెస్ కోర్సు విద్యార్థులు అప్పట్లో నడిపిన ఎలక్ట్రిక్ హనీ లేబుల్. అక్కడ ఏటా ఒక బ్యాండ్‌కి సింగిల్ (ఒకటి రెండు పాటల రికార్డు) వేయడం ఆనవాయితీగా ఉండేది. బ్యాండ్ గాయకుడు, పాటల రచయిత స్టువర్ట్ మర్డాక్ దగ్గర పాటలు బోలెడు ఉండటంతో ఏకంగా ఆల్బమే చేశారు. కావా స్టూడియోలో రికార్డింగ్ 3 రోజుల్లో ముగిసింది. ఆ సౌండ్‌లోని పచ్చిదనానికి అదీ ఒక కారణమే.

గందరగోళం ఎక్కడొచ్చిందంటే, మొదట 1,000 కాపీలే వేశారు, అదీ వినైల్ (గ్రామఫోన్ రికార్డు) మీదే. సీడీ లేదు. తర్వాత వచ్చిన 'ఇఫ్ యూ ఆర్ ఫీలింగ్ సినిస్టర్' ఆల్బమ్‌తో పేరొచ్చాక ఆ కాపీల ధర వందల పౌండ్లకు పాకింది. చాలామంది క్యాసెట్ కాపీలతోనే సరిపెట్టుకున్నారు. అందుకే ఎక్కువమంది చేతికి మొదట అందింది 1999 సీడీ.

ఇంకొకటి: ఈ బ్యాండ్‌కి వచ్చిన బ్రిట్ అవార్డు (బ్రిటన్ సంగీత పురస్కారం) ఈ రీఇష్యూకి వచ్చింది కాదు. అవార్డు 1999 ఫిబ్రవరిలో, రీఇష్యూ ఆ తర్వాత. పాత వినైల్ కొనేవాళ్లు రికార్డుకి అంటించిన కాగితం మీద ఎలక్ట్రిక్ హనీ పేరుందో లేదో చూసుకోవాలి. జీప్‌స్టర్ అని ఉంటే రీఇష్యూనే.