ఓటర్ల జాబితా దగ్గరే మొదలు

న్యాయవాదుల సంఘం ఎన్నికలు దగ్గరపడితే కోర్టు ఆవరణ రూపమే మారిపోతుంది. బార్ రూములో (న్యాయవాదుల గదిలో) ప్యానెళ్ల మంతనాలు, మెట్ల మీద కరపత్రాలు, రాత్రిళ్లు విందులు. ఏళ్లుగా చందా కట్టని సభ్యుల బకాయిలు కూడా ఆ పదిహేను రోజుల్లోనే చెల్లిపోతుంటాయి. ఎవరి జేబులోంచి చెల్లాయో తెలిసినా అడిగేవారుండరు. అలా కొన్న సభ్యత్వంతో గెలిచిన కార్యవర్గం ఆ తర్వాత ఎవరికి జవాబుదారీగా ఉంటుంది?

సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ ఈ జబ్బుకు 2003లోనే మందు వేసింది. ఎక్కడో ప్రాక్టీసు చేసుకుంటూ ఓటు వేసేందుకు మాత్రమే వచ్చేవారు తమ కార్యవర్గాన్ని నిర్ణయించకూడదని నిబంధన మార్చుకుంది. మరో బార్‌లో, అంటే మరో న్యాయవాదుల సంఘంలో, ఓటేసినవారికి సుప్రీంకోర్టు బార్‌లో ఓటు ఉండదు. దీన్ని కొందరు సివిల్ కోర్టులో అడ్డుకున్నారు. చివరకు 2011 సెప్టెంబరులో బి.డి.కౌశిక్ కేసులో సుప్రీంకోర్టు ‘ఒక బార్, ఒక ఓటు’ సూత్రాన్ని సమర్థించింది. రెండుచోట్ల సభ్యత్వం తప్పు కాదు. రోజూ కూర్చునే చోటే ఓటు వేయాలన్నది న్యాయం. మన జిల్లా బార్‌లలోనూ ఈ సూత్రం అక్షరాలా అమలు కావాలి.

మహిళల సంగతి మరీ బాధాకరం. న్యాయ కళాశాలల్లో అమ్మాయిలు పెద్దసంఖ్యలో చదువుతున్నారు, నల్లకోటు వేసుకుంటున్నారు. కార్యవర్గం ఫొటోలో మాత్రం కనిపించరు. చిన్న పట్టణాల కోర్టుల్లో మహిళా న్యాయవాదులకు సరైన మరుగుదొడ్డి లేకపోవడం ఏ సమావేశంలోనూ చర్చకు రాదంటే, ఆ బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారో చూస్తే చాలు. 2024 మే 2న సుప్రీంకోర్టు తన సొంత బార్ కార్యవర్గంలోని 9 స్థానాల్లో కనీసం 3 మహిళలకు ఇవ్వాలని, ఆ ఏడాది కోశాధికారి పదవిని వారికే కేటాయించాలని ఆదేశించింది. 2025 డిసెంబరులో, న్యాయవాదులను నమోదు చేసుకునే చట్టబద్ధ సంస్థలైన రాష్ట్ర బార్ కౌన్సిళ్లలోనూ మహిళలకు 30 శాతం ప్రాతినిధ్యం ఉండాలని చెప్పింది. నిత్యం రాజ్యాంగం గురించి వాదించేవారు ఈ పని తమంతట తాము చేసి ఉండాల్సింది. కోర్టు చెప్పేదాకా ఆగడం వృత్తికే చిన్నతనం.

గడువు విషయంలోనూ అంతే. 1961 అడ్వకేట్ల చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్ పదవీకాలం ఐదేళ్లు. సన్నదుల (న్యాయవాదిగా నమోదైన పత్రాల) పరిశీలన పూర్తికాలేదంటూ అనేక రాష్ట్రాల్లో అంతకు మించి కొనసాగించారు. 2026 జనవరి 31లోగా ఎన్నికలు ముగించాలని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు గడువు పెట్టాల్సి వచ్చింది. నకిలీ సన్నదులను ఏరివేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ పని ఏళ్ల తరబడి నడుస్తుంటే, అది పదవిలో ఉన్నవారికే కలిసొస్తుంది.

సొమ్ము విషయం ఇంతకంటే సున్నితమైనది. కక్షిదారు తన తరఫున వాదించే అధికారాన్ని న్యాయవాదికి ఇచ్చే పత్రం వకాలత్‌నామా. దాని మీద అంటించే వెల్ఫేర్ స్టాంపు సొమ్ము న్యాయవాదుల సంక్షేమ నిధికి చేరుతుంది. పదవీ విరమణ చేసిన న్యాయవాదికి, మరణించినవారి కుటుంబానికి అండగా నిలవాల్సిన డబ్బు అది. సంక్షేమ నిధిదైనా సంఘం ఖాతాలోదైనా ప్రతి రూపాయి లెక్క సభ్యులకు అందాలి. సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు ఇవ్వాలి. ఈ కనీస విధులను తంతుగా ముగించేచోట, నెలకు వచ్చే కాసిని డబ్బుల్లోంచి చందా కట్టే జూనియర్‌కు తన సంఘం లెక్కలు చూసే అవకాశమే రాదు.

ఆడిట్ నివేదికను, చందా ఎవరు ఏ తేదీన కట్టారో తెలిపే జాబితాను పోలింగుకు నెల ముందే బార్ రూము గోడకు అంటించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చాలు. వచ్చే సమావేశంలోనే ఆ తీర్మానం పెట్టాలని రెండు తెలుగు రాష్ట్రాల న్యాయవాద సంఘాలను కోరుతున్నాం.