చెంబుగారి కాల్షీటు

సినిమా అంటే హీరో అని నమ్మిన అమాయకుల్లో నేనూ ఒకడిని. పెన్న ఒడ్డున ఉన్న మా ఇంటిని రెండు రోజుల షూటింగుకు అద్దెకిచ్చేదాకా ఆ నమ్మకానికి ఏ లోటూ రాలేదు. ఇప్పుడు మాత్రం, నటుడి చేతిలోకి వెళ్లే ప్రతి వస్తువుకూ పూచీపడే ప్రాపర్టీ మనిషి పేరును తెరమీద హీరో పేరుకంటే ముందు వేయాలని ప్రభుత్వానికి సవినయంగా విన్నవించుకుంటున్నాను.

హీరోగారు ఒకే డైలాగును పదిసార్లు పదిరకాలుగా పలికితే నటనలో వైవిధ్యమని మెచ్చుకుంటారు. ఆయన ముందున్న కంచంలో చేపముక్క ఒక టేకులో ఎడమవైపు, ఇంకో టేకులో కుడివైపు ఉంటే మాత్రం కంటిన్యుటీ పోయిందని సెట్టంతా గగ్గోలెత్తుతుంది. మా ఇంట్లో తీసింది చేపల పులుసు సీను. దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి, తల్లి వేషం వేసినావిడ భుజం మీదుగా మరోసారి తీయవలసిన ఆ ఒక్క ముద్ద కోసం, ఒకే కొలతకు కోసిన 22 కొరమీను ముక్కలు వండించారు. టేకు ముగిసిన ప్రతిసారీ ప్రాపర్టీ మనిషి సెల్‌ఫోనులో కంచం ఫొటో చూసుకుంటూ మామిడికాయ ముక్కను మునుపున్న చోటికే జరిపి, పులుసు అంటిన అంచును గుడ్డతో తుడిచి, అన్నంలో హీరోగారి వేళ్ల గుర్తులను సైతం తానే వేశాడు. హీరోగారు నమిలి, కెమెరా ఆగగానే బకెట్టులో ఉమ్మేశారు. (నెల్లూరువాళ్ల కళ్లెదుట పులుసుముక్కను ఉమ్మడం ఏ సెక్షను కిందికి వస్తుందో వకీళ్లు తేల్చాలి.)

సెక్షన్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను: కట్నం సీనులోని కట్టల్లో పైనా కిందా మాత్రమే అసలు నోట్లు, నడుమంతా తెల్లకాగితం. నోటును పోలిన కాగితం తయారుచేసినా వాడినా భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షను ప్రకారం 300 రూపాయల దాకా జరిమానా పడుతుంది. వాకిట్లో ఒంగోలు ఎద్దుల జతను కూడా కట్టేద్దామనుకున్నారు గాని, ఎద్దు తెరమీదికి రావాలంటే జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలని తెలిసి మానుకున్నారు. హీరోలకు అటువంటి మండలి లేదు.

ఇక నా సొంత గోడు. మా జేజి పుట్టింటినుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబును దర్శకుడు చూసి ముచ్చటపడ్డాడు. హీరో దాన్ని కోపంతో నేలకేసి కొట్టాలి కాబట్టి, నెల ముందే పట్టుకెళ్లి అచ్చం అలాంటివే మరి రెండు చేయించారు. షూటింగు రోజున అసలు చెంబుకు నీడలో బల్ల, కింద మెత్తటి గుడ్డ, పక్కన కాపలాకు ఒక కుర్రాడు. ఇంటి యజమానినైన నేను ఎండలో నిలబడ్డాను. దాహమేసి చెయ్యి చాచబోతే, "సార్, అది ప్రాపర్టీ, ముట్టుకోకూడదు" అన్నాడు ఆ కుర్రాడు.

తల్లి ముందు చెంబు విసిరితే అభిమానులు నొచ్చుకుంటారని చివరి నిమిషంలో ఆ షాటునే ఎత్తేశారు. అలా మూడు చెంబులూ మా ఇంటికే చేరాయి. అంచు కింద చుక్కలతో చెక్కించిన జేజి పేరు మూడింటిమీదా ఉంది. ఆ పేరులో చెక్కినవాడు మింగేసిన దీర్ఘం మూడింటిమీదా లేదు. చిన్నప్పుడు బావిగట్టు మీదినుంచి పడేసి నేను చేసిన సొట్ట, అందుకు నేను తిన్న దెబ్బలతో నిమిత్తం లేకుండా, మూడింటికీ ఉంది. మా అమ్మ ఒక్కొక్కదాన్నే తిప్పి తిప్పి చూసి, "అబ్బయా, వీటిలో మన చెంబేదిరా?" అని అడిగింది.

ప్రాపర్టీ మనిషికి ఫోను చేస్తే ఫొటోలు పంపమన్నాడు. పంపాను. మూడూ కంటిన్యుటీలోనే ఉన్నాయని జవాబిచ్చాడు.