లాప్‌టాప్ నిద్రకు తాళం వేసిందెవరు?

"లినక్స్ వేస్తే బ్యాటరీ నిలవదు." చెన్నై ఓఎంఆర్ ఐటీ ఆఫీసుల్లో ఈ మాట అననివాళ్లు తక్కువ. విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమైన లినక్స్ మీద నా లెక్కలో ఇది తప్పుడు నింద.

పోయిన నెల తరమణి ఆఫీసులో లాప్‌టాప్ మూత వేసి, సెంట్రల్‌లో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నెల్లూరు వచ్చేసరికి ఒళ్లో ఉన్న బ్యాగు వెచ్చబడింది. తీసి చూస్తే 90 శాతం ఉన్న బ్యాటరీ 58కి దిగిపోయింది. మా తమ్ముడి దగ్గర రిచీ స్ట్రీట్‌లో కొన్న పాత సెకండ్ హ్యాండ్ మిషన్ ఉంది. రాత్రంతా మూత వేసి ఉంచినా నాలుగు శాతం కూడా తగ్గదు. రెండింటిలోనూ ఉన్నది డెబియన్ అనే లినక్సే, అదీ ఒకే వెర్షన్.

తేడా ఫర్మ్‌వేర్‌లో, అంటే కంపెనీ మిషన్‌లోనే పెట్టి పంపే కింది స్థాయి సాఫ్ట్‌వేర్‌లో ఉంది. పాత మిషన్‌లో ఎస్-3 అనే నిద్ర ఉండేది. మెమరీకి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోయేది. విండోస్ 8తో కనెక్టెడ్ స్టాండ్‌బై, విండోస్ 10తో మోడరన్ స్టాండ్‌బై అనే తేలిక నిద్రలు వచ్చాక చాలా కంపెనీలు ఫర్మ్‌వేర్‌లోంచి ఎస్-3ని తీసేశాయి. ఇక లినక్స్‌కు మిగిలింది ఎస్‌టుఐడిల్. ప్రోగ్రాములన్నిటినీ ఆపి, ప్రాసెసర్ తనంతట తాను లోతైన సీ-స్టేట్‌లోకి (ప్రాసెసర్ నిద్ర మెట్లను ఇలా పిలుస్తారు) జారుకోవాలని ఎదురుచూడటమే ఆ పద్ధతి.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. సీ-0లో ప్రాసెసర్ పని చేస్తుంటుంది, సీ-1లో కాసేపు ఆగుతుంది, సీ-6లో కోర్‌కు, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగానికి, కరెంటే కట్ అవుతుంది. కానీ మొత్తం చిప్ నిద్రపోవాలంటే కోర్లు పడుకుంటే సరిపోదు. గ్రాఫిక్స్, డిస్కు, విడిభాగాలను కలిపే పీసీఐ లింకులు, అన్నీ సద్దుమణగాలి. పెళ్లివారింట్లో ఒక్కరు మేలుకుని ఉన్నా హాల్లో లైటు తియ్యరు, అలాగన్నమాట. ఇంటికి చేరాక కరెంటు వాడకం చూపే పవర్‌టాప్ అనే ప్రోగ్రాం తెరిచి చూశాను. కోర్లు బుద్ధిగా 95 శాతం సమయం పడుకునే ఉన్నాయి. ప్యాకేజీ, అంటే మొత్తం చిప్, మాత్రం సీ-2 దాటలేదు. సీ-8 ఎదురుగా సున్నా. మేలుకుని ఉన్నది నేనెన్నడూ వాడని మెమరీ కార్డు రీడర్! ఫర్మ్‌వేర్ సెట్టింగులుండే బయోస్‌లో దాన్ని ఆపేయగానే సీ-8 దగ్గర అంకెలు కదిలాయి. ఆ రాత్రి తగ్గింది ఆరు శాతం.

ఇందులో లినక్స్ చేసిన తప్పేమిటి? పని లేనప్పుడు కూడా సెకనుకు వందలసార్లు ప్రాసెసర్‌ను తట్టి లేపే టైమర్‌ను లినక్స్ గుండెకాయైన కెర్నల్ 2007లోనే వదిలించుకోవడం మొదలుపెట్టింది. పవర్‌టాప్ వచ్చిందీ ఆ ఏడాదే.

కొత్త పద్ధతిలో మూత తీయగానే తెర వెలుగుతుందని, సరిగ్గా కుదిరితే పొదుపు కూడా బాగానే ఉంటుందని కంపెనీల తరఫువాళ్లు అంటారు. నిజమే. మరి కుదరనప్పుడు వాడుకోవడానికి పాత దారిని ఎందుకు మూసేశారు? బయోస్‌లో ఒక్క ఆప్షన్ ఉంచితే పోయేదేముంది?

నా కోపమంతా కొనేవాళ్ల మీద, ముఖ్యంగా ప్రభుత్వాల మీద. లక్షల లాప్‌టాప్‌లు ఒకేసారి కొనే చెయ్యి వాళ్లది. తమిళనాడు 2011లో విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్‌లు మొదలుపెట్టినప్పుడు, ఇదే చెన్నైలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చింది. ప్రభుత్వ పనుల్లో లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు పెద్దపీట వేస్తూ కేంద్రం 2015లో ఒక విధానం తెచ్చింది. సాఫ్ట్‌వేర్ మనదైనా దాని కింద ఉన్న ఫర్మ్‌వేర్ తాళంచెవి కంపెనీ జేబులోనే ఉంటే ఆ స్వేచ్ఛ సగమే. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని పల్లెలో ఇంటర్ చదివే పిల్లకు ఆ ముప్పై శాతం బ్యాటరీ అంటే ఒక సాయంత్రం చదువు.

ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు ఈసారి లాప్‌టాప్‌లు కొనేటప్పుడు టెండర్‌లో రెండు వాక్యాలు చేర్చాలి: ఎస్-3 ఆప్షన్ బయోస్‌లో ఉండాలి, లినక్స్ వేసిన శాంపిల్ మిషన్‌ను రాత్రి పదింటికి మూత వేసి పొద్దున ఆరింటికి తెరిస్తే ఐదు శాతానికి మించి బ్యాటరీ తగ్గకూడదు.