మోకాలి కింద దిండు పెట్టేవాళ్ళ సంఘం

మా ఇంట్లో దిండ్లు మొత్తం పదకొండు. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యి ఇరవై మూడు రోజులైంది, ఈ ఇరవై మూడు రోజులూ అమ్మ మోకాలి కింద నుంచి ఏదో ఒక దిండు లాగి అవతల పడేయడమే నా ఉద్యోగం. నేనలా వంటింట్లోకి వెళ్ళొచ్చేసరికి ఇంకోటి ప్రత్యక్షం. ఎవరు పెట్టారంటే ఎవరూ పెట్టలేదు. దిండు స్వయంభువు.

ఇంటికొచ్చిన మొదటిరోజే ఫిజియో అమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆంటీ, మోకాలి కింద మాత్రం ఏమీ పెట్టకండి, హాయిగానే ఉంటుంది కానీ కాలు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది, తర్వాత తిన్నగా చాపలేరు, కుంటుతూ నడవాలి, పెడితే మడమ కింద టవల్ చుట్టి పెట్టుకోండి అని. ఇందులో అర్థం కానిదేముందండీ? కానీ మనవాళ్ళకి నొప్పి తగ్గించేదే వైద్యం, నొప్పి పెట్టేది పాపం. పైగా దిండు పెడితే పుణ్యం వచ్చేస్తుంది, పది నిమిషాలు పక్కన కూర్చుని ఎక్సర్‌సైజ్ చేయిస్తూ అంకెలు లెక్కపెట్టక్కర్లేదు.

ఇక పరామర్శలు. ఆపిల్స్ కవరుతో అత్తయ్య వస్తుంది, వెనక ఆవిడ ఆడపడుచు, ఆ ఆడపడుచు వెనక ఎందుకొచ్చాడో ఆయనకే తెలియని ఒక పెద్దాయన. అప్పుడే అమ్మ మడమ కింద ప్లాస్టిక్ కవర్ వేసుకుని మంచం మీద కాలు మెల్లిగా వెనక్కి జరుపుతూ ఉంటుంది, పళ్ళ బిగువున, ఆరు దాకా వచ్చి ఉంటుంది. "అయ్యయ్యో వదినా, ఏంటిది, కుట్లు ఊడిపోతాయి!" (కుట్లు తీసేసి వారం దాటింది.) అంతే, సభ మొదలు. ఒకరు వాళ్ళ వియ్యపురాలు చిప్పలు మార్పించుకుని నెలకే తిరుమల మెట్లెక్కిందంటారు, ఇంకొకరు వాళ్ళ తోడికోడలు ఇప్పటికీ మంచం దిగలేదంటారు, ఇద్దరూ కలిసి అందుకే రెస్ట్ తీసుకోమంటారు. రెండు కథల్లోంచి ఒకే నీతి ఎలా వచ్చిందో మోకాలికీ బోడిగుండుకీ ముడేసేవాళ్ళకే తెలియాలి. అన్నట్టు చిప్పలు మార్చడమంటే చిప్ప మార్చడం కాదండీ, తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర అరిగినంత మేర చెక్కి మెటల్ తొడుగులేసి మధ్యలో ప్లాస్టిక్ ముక్క పెడతారు, చిప్ప చాలాసార్లు మన పాతదే ఉంటుంది. ఇది చెప్తే ఆ పెద్దాయన నా వైపు జాలిగా చూసి "గూగుల్లో చదివావామ్మా" అన్నాడు. అని, చేతికందిన దిండు తీసి, భక్తిగా, అమ్మ మోకాలి కింద పెట్టాడు. సభ చప్పట్లు కొట్టలేదు అంతే.

ఆస్పత్రివాళ్ళిచ్చిన ఎక్సర్‌సైజుల కాగితం గురించి కూడా చెప్పాలి. జిరాక్స్‌కి జిరాక్స్‌కి జిరాక్స్. అందులో పడుకున్న బొమ్మకి ఒక కాలే మిగిలింది, రెండోది ఏ జిరాక్స్ సెంటర్లో పోయిందో. పాదాలు కిందకీ పైకీ ఆడించడం (పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా), తొడ కండ బిగించి అయిదు అంకెలు ఆపడం, కాలు తిన్నగా లేపడం, మడమ జరపడం. పదేసి చొప్పున మూడుసార్లు, రోజుకి మూడు పూటలా. లెక్కేస్తే ఒక్కోటి రోజుకి తొంభై. కొన్నాళ్ళయ్యాక కాలికి అరకేజీ బరువు కట్టాలంది ఫిజియో, ఇంట్లో ఉన్నది అరకేజీ కందిపప్పు ప్యాకెట్టు, కట్టాం, మర్నాడు నాన్న పప్పు వండమన్నాడు. వైద్య పరికరం ముద్దపప్పయి కంచంలోకి వచ్చింది.

నాన్న ఈ సంఘానికి గౌరవాధ్యక్షులు. మొన్న ఫిజియో కోణమానిని లాంటి పొడుగు స్కేలు పెట్టి కొలిచి, 70 డిగ్రీలే వంగుతోంది అంకుల్, ఈపాటికి 90 రావాలి, కుర్చీలోంచి సరిగ్గా లేవాలన్నా 90 కావాలి, అంది దిగులుగా. నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండా "డెబ్భై అంటే ఫస్ట్ క్లాసేగా" అన్నాడు.

ఇలా వంగకుండానే నెలలు గడిస్తే మోకాలు లోపల మచ్చ కట్టినట్టు గట్టిపడిపోతుంది, అప్పుడు మత్తిచ్చి డాక్టరే కాలు బలవంతంగా వంచాల్సి రావచ్చు. అది వద్దనే కదా ఆ అమ్మాయి ఎండలో స్కూటీ మీద వస్తోంది. ఆమెని మావాళ్ళు ఏమంటారో తెలుసా, "మసాజ్ అమ్మాయి". నాలుగున్నరేళ్ళ డిగ్రీ చదివిన పిల్ల. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకీలు ధరకి సీలింగ్ పెట్టింది, మామూలుగా వేసే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. అది మెటల్ ముక్కకి, వంగడానికి కాదు. మాకు అన్నీ కలిపి మూడు లక్షలు దాటింది, బిల్లు కౌంటర్ దగ్గర ఒక్కరూ బేరమాడలేదు. అదే ఫిజియోకి విజిట్‌కి ఆరొందలంటే మాత్రం బాబాయ్ ఫోన్ చేసి మరీ "రెండ్రోజులకోసారి రమ్మనండి, చూపించిందేగా చేసేది, ఇంట్లో చేసుకోవచ్చు" అని సలహా ఇచ్చాడు. ఇంట్లో. ఎవరి ఇంట్లో? ఎవరు చేయిస్తారు?

నాలుగేళ్ళ క్రితం నాన్న బండి మీంచి పడి మణికట్టు విరిగింది. కట్టు తీసాక రెండు నెలలు పొద్దునా సాయంత్రం అమ్మ వేణ్ణీళ్ళ గిన్నె, స్పాంజ్ బంతి పట్టుకుని పక్కన కూర్చుని ఒకటీ రెండూ అని లెక్కపెట్టింది. ఒక్క పూట మానలేదు. అప్పుడీ మోకాళ్ళు అరిగే ఉన్నాయి, కింద కూర్చుని లేవలేక గోడ పట్టుకునేది. ఇప్పుడు అమ్మ కాలికి లెక్కపెట్టడానికి ఈ ఇంట్లో మనిషి లేడు. రెస్ట్ తీసుకోమని చెప్పడానికి వచ్చినవాళ్ళకి కాఫీ ఎవరు పెట్టారు? వాకర్ పట్టుకుని అమ్మే పెట్టింది, అందరూ తాగారు, చక్కెర తక్కువైందన్నారు కూడా. "ఇంటిపని చేస్తే అదే ఎక్సర్‌సైజ్" అని ఒకావిడ అంది, తల్లీ, నలభై ఏళ్ళ ఇంటిపనికే కదా ఆ కీలు అరిగిపోయింది! నేను మాత్రం తక్కువ తిన్నానా, మీటింగ్‌ని మ్యూట్‌లో పెట్టి గుమ్మంలోంచి "చేశావా అమ్మా?" అంటాను, "చేశాన్లే" అంటుంది, చేయలేదని తనకీ తెలుసు నాకూ తెలుసు, సిగ్గులేకుండా మళ్ళీ అన్‌మ్యూట్ చేసుకుంటాను.

నిన్న సాయంత్రం ల్యాప్‌టాప్ మూసేసి పక్కన కూర్చున్నా. ఏడు అన్నానో లేదో కాలింగ్ బెల్. బాబాయ్, పిన్ని. బాబాయ్ చేతిలో ఇంత పెద్ద డబ్బా, "వదినగారి కోసం ప్రత్యేకంగా ఆన్‌లైన్లో తెప్పించానమ్మా" అని ఆయనే విప్పాడు. మెత్తటి ఫోమ్, సరిగ్గా మోకాలు పట్టేలా మధ్యలో గాడి.

పన్నెండోది.

అమ్మ అలవాటుగా లేవబోయింది, కాఫీకి. భుజం పట్టి కూర్చోబెట్టా. దిండు తీసుకెళ్ళి బాబాయ్ నడుం వెనక పెట్టి, పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి పిన్నీ అని చెప్పి, ఎనిమిదీ, అన్నా.