రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను

వక్తృత్వ శాస్త్రం గ్రీకులదని చదువుకున్నవాళ్లందరూ ఒప్పుకుంటారు గానీ, అది పుట్టిన ఊరి వివరాలు చూస్తే విశాఖపట్నం వాసికి కొంత కడుపుమంట కలగక మానదు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో సిసిలీ ద్వీపంలోని సిరాక్యూస్ అనే రేవు పట్టణంలో నిరంకుశుల పాలన కూలిపోయింది. వాళ్లు లాక్కున్న భూములు మావంటే మావని జనం న్యాయస్థానాలకెక్కారు. కాగితాలతో తేలే వ్యవహారం కాకపోవడంతో తీర్పరులను మాటలతోనే నమ్మించవలసి వచ్చింది. ఆ అవసరాన్ని కనిపెట్టిన కోరాక్స్ అనే ఆయన, ఆయన శిష్యుడు టిసియాస్ వాదించే విద్యను పాఠంగా చెప్పడం మొదలుపెట్టారని ప్రతీతి. సముద్రం, రేవు, ఎవరిదో తేలని భూమి, సమయానికి కనిపించని దస్తావేజు, ఇన్ని యోగ్యతలున్న మన ఊరిని కాదని ఆ శాస్త్రం ఎక్కడో సిసిలీలో పుట్టడం చరిత్ర చూపిన పక్షపాతం తప్ప మరొకటి కాదు.

అయితే ఆలస్యంగా అందుకున్నా, దాన్ని మనం ఎంత దూరం తీసుకెళ్లామో కూడా చెప్పుకోవాలి. ఏ విషయంలోనైనా ఎదుటివారిని ఒప్పించడానికి ఏయే మార్గాలున్నాయో కనిపెట్టగల శక్తి అని అరిస్టాటిల్ ఈ విద్యను నిర్వచించాడు. పాపం, ఆయన కాలానికి అంతకు మించి తెలియదు. ఆ నిర్వచనంలో ఒప్పించడం అనే బరువు అనవసరంగా వచ్చి చేరిందని గుర్తించి, దాన్ని దింపేసి, ఎవరినీ దేనికీ ఒప్పించకుండా గంటసేపు ధారాళంగా మాట్లాడే పద్ధతిని సాధించిన ఘనత మన సభావేదికలది.

ఈ మధ్య కొండల పరిరక్షణ మీద నగరంలో జరిగిన ఒక సభనే తీసుకుందాం. ఆహ్వానపత్రంలో సాయంత్రం ఆరు గంటలని వేసినందువల్ల శ్రోతలు ఏడింటికి వచ్చారు. ఆ సంగతి తెలిసిన వక్తలు ఏడున్నరకు వచ్చారు. అరిస్టాటిల్ లెక్కలో ఒప్పించే సాధనాలు మూడు: మాట్లాడేవాడి శీలం మీద నమ్మకం, వినేవాడి మనసులో కదిలే భావం, చెప్పే మాటలోని యుక్తి. మొదటిదాన్ని వ్యాఖ్యాత చూసుకున్నాడు. వేదికను అలంకరించిన పెద్దల పదవులు, బిరుదులు, విదేశీ పర్యటనలు వరసగా చదివి, ఒక్కొక్కరి శీలానికి ఒక్కొక్క శాలువా కప్పించాడు. రెండోదానికి జ్ఞాపికలు సరిపోయాయి. ఫొటోగ్రాఫర్ “సార్, ఇటు చూడండి” అన్న ప్రతిసారీ వేదిక మీద నిఖార్సయిన భావావేశం కనిపించింది. మూడోదానికి సమయాభావం అడ్డొచ్చింది.

అప్పుడు ముఖ్య వక్త లేచి, తాను వక్తను కానని, తనకు ముందు మాట్లాడిన పెద్దలు అన్నీ చెప్పేశారని, అందుచేత రెండు ముక్కలు చెప్పి ముగిస్తానని ప్రకటించారు. ఆరంభంలో వినయం చూపి శ్రోతల ఆదరం సంపాదించుకోవాలని సిసిరో నాటి రోమన్లు కూడా బోధించారు. కాకపోతే వాళ్లు ఆ ఆదరాన్ని సంపాదించి, తర్వాత దానితో ఏదో ఒకటి అడిగేవారు. మన వక్త సంపాదించినదాన్ని సంపాదించినట్టే దాచుకున్నారు. మొదటి ముక్క నలభై నిమిషాలు నడిచాక నిర్వాహకుడు వంగి వంగి వచ్చి పోడియం మీద చీటీ పెట్టాడు. వక్త దాన్ని ఆసాంతం చదివి, నాలుగు మడతలు పెట్టి, కళ్లజోడు పెట్టెలో వేసుకుని, “మిత్రులు సమయాన్ని గుర్తు చేస్తున్నారు” అని, సమయం విలువ గురించి మరో పది నిమిషాలు మాట్లాడారు. గ్రీకు మహావక్త డెమోస్తనీస్ నోట్లో గులకరాళ్లు పెట్టుకుని అభ్యాసం చేశాడని, సముద్రపు హోరుకు ఎదురు నిలిచి గొంతు పెంచుకున్నాడని చెబుతారు. మన వాళ్లకు అంత శ్రమ లేదు. బీచ్ రోడ్డులో సాయంత్రం నడక, నోట్లో మురీ మిక్చర్ సరిపోతున్నాయి.

ఇంతకూ కొండల గురించి ఆయన ఏమన్నారని పాఠకులు అడగవచ్చు. కొండ మన తల్లి అన్నారు. ఎర్రమట్టి దిబ్బలు ఈ నేల నుదుట కుంకుమ అన్నారు. ఈ వాక్యాల శాస్త్రీయత తెలియాలంటే వాదించే పద్ధతిని నేర్పే మన ప్రాచీన తర్కశాస్త్రం, న్యాయదర్శనం దగ్గరికి వెళ్లాలి. ప్రతిజ్ఞ (అంటే రుజువు చేయబోయే మాట), హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని వాదనకు అయిదు అవయవాలు ఉండాలని గౌతముడు విధించాడు. దానికి తరతరాలుగా చెప్పే ఉదాహరణలో కూడా కొండే ఉంది: కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ కనిపిస్తోంది, పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో చూడండి. ఇదే పద్ధతిలో ఒక వక్త “ఆ కొండ మీద ప్రొక్లెయిన్ ఉంది, ఎందుకంటే ఎర్రటి దుమ్ము లేస్తోంది” అని మొదలుపెడితే ఏమవుతుంది? అది ఎవరి ప్రొక్లెయిన్ అని వెనక వరసలో ఎవడో అడుగుతాడు. దాని యజమాని వేదిక మీద మూడో కుర్చీలో ఉండవచ్చు, రెండో కుర్చీలో ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. ఈ ప్రమాదం ఎరిగిన వక్త ప్రతిజ్ఞనే చేయడు. వాదనలో ఓడిపోవడానికి గౌతముడు 22 నిగ్రహస్థానాలు లెక్కపెట్టాడు. కొండ తల్లి అన్నవాడిని వాటిలో ఏ ఒక్కటీ తాకలేదు. కృష్ణుడంతటివాడు చివరికి అయిదూళ్లయినా ఇమ్మని అడిగి రాయబారంలో విఫలుడయ్యాడంటే, ఆయన చేసిన పొరపాటు అడగడమే.

ఈ నగర చరిత్రలో ఒకసారి మాత్రం ఈ నియమానికి ఘోరమైన ఉల్లంఘన జరిగింది. 1966లో “విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు” అన్న మాట వీధిలోకి వచ్చింది. దానికి ముందు జ్యోతి ప్రజ్వలన లేదు, వెనక వందన సమర్పణ లేదు. నాలుగు మాటల్లో క్రియ ఒక్కటీ లేకపోయినా, ఏం కావాలో, ఎవరికి కావాలో, ఎందుకివ్వాలో అందరికీ తెలిసిపోయింది. అంత్యప్రాస ఉండటంతో ఒకసారి విన్నవాడికి మరిచిపోయే వీలు కూడా లేకపోయింది. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి, అక్కడ నా వ్యంగ్యానికి చోటు లేదు. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరా గాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. మరుసటి ఏడాది జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఢిల్లీని కదిలించిన మాట అది. అలాంటిది మళ్లీ పుట్టకుండా చూడవలసిన బాధ్యతను మన వేదికలు అప్పటి నుంచి శ్రద్ధగా మోస్తున్నాయి. 2021 జనవరిలో కర్మాగారంలో వాటాలన్నీ అమ్మడానికి కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించాక, ఆ నినాదాన్ని అన్ని జెండాల కిందా, అన్ని మైకుల్లోనూ, ఫ్లెక్సీల మీద నాయకుల బొమ్మల మధ్య మిగిలిన ఖాళీలోనూ వాడుతున్నారు. మాటను చప్పబరచడానికి నిషేధించనక్కరలేదు, అందరి చేతా అనిపిస్తే చాలునన్నది మన వాళ్లు కనిపెట్టిన సూత్రం. దీనికి గ్రీకులో పేరున్నట్టు లేదు.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే, పాత పద్ధతిలో మనుషులను ఒప్పించేవాడు నగరంలో ఇంకా ఒకడు మిగిలి ఉన్నాడు. కొండల సభ జరిగిన హాలు గుమ్మం దగ్గర, భుజానికి బ్యాగు తగిలించుకుని, భోగాపురం వైపు వెంచర్ల కరపత్రాలు పంచుతూ నిలబడ్డ కుర్రవాడే అతను. అతను అరిస్టాటిల్‌ను చదివి ఉండడు. “మా మావయ్యగారిచేత కూడా ఇక్కడే కొనిపించానండి” అన్నప్పుడు శీలం, “రేపు మనవడు అడిగితే ఏం చెబుతారండి” అన్నప్పుడు భావం, విమానాశ్రయం, గజం ధర, బ్యాంకు రుణం అని వేళ్లు మడుస్తూ చెప్పినప్పుడు యుక్తి, మూడూ గుమ్మం దాటేలోపే పూర్తయ్యాయి. పైగా సభ మొత్తాన్ని చివరిదాకా శ్రద్ధగా విన్నది కూడా అతనొక్కడే. వందన సమర్పణ ముగిసి, వేదిక మీది పెద్దలు టిఫిన్ పొట్లాలతో బయటికి వస్తుంటే, అతను సభాధ్యక్షులకు ఎదురువెళ్లి, చేతులు జోడించి, “మాస్టారూ, కొండల గురించి ఇంత గొప్పగా సెలవిచ్చాక మీకు కొండ కనబడని ప్లాటు చూపిస్తే నాకు పాపం చుట్టుకుంటుందండి” అన్నాడు.

సభాధ్యక్షులు శాలువాను సంచిలో సర్దుకుంటూ, గజం ఎంత పడుతుందని అడిగారు. ఆ సాయంత్రం అక్కడ ఎవరైనా ఎవరినైనా అడిగిన మొదటి ప్రశ్న అదే.